ఆకు గిల్లిన చేతులకూ ఒక పతకం: వెవే ద్రాక్షతోటల సంఘానికి బహిరంగ లేఖ

స్విట్జర్లాండ్, వెవే పట్టణంలోని కాన్‌ఫ్రెరీ దె వీన్యెరోన్ అధ్యక్షులకూ, సభ్యులకూ, ఏటా తోటలు తనిఖీ చేసే నిపుణులకూ

నమస్కారం.

ఈ ఉత్తరం ఫ్రెంచి ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపాను. దీన్ని తెలుగులో బాహాటంగా రాయడానికి కారణముంది. నేను అడగబోయే విషయం హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్ళ కింద కూలికి వెళ్ళిన ఇళ్ళవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు అమీర్‌పేటలోనూ ఉన్నారు, అట్లాంటాలోనూ ఉన్నారు. మీ పండగ కథ వాళ్ళ చెవిన కూడా పడితే బాగుంటుందని నా ఆశ.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీరు తరానికోసారి చేసే ఫెత్ దె వీన్యెరోన్ (ద్రాక్ష సాగుదార్ల పండగ)లోనూ, మూడేళ్ళకోసారి పెట్టే బహుమతుల సభలోనూ పతకాలు, కిరీటాలు తోట బాధ్యత తలకెత్తుకున్న పనివాళ్ళకే దక్కుతున్నాయి. సీజన్‌కి వచ్చి ఆకు గిల్లి, గుత్తులు కోసి, పెట్టెలు మోసి వెళ్ళిపోయేవాళ్ళ పేర్లు ఎక్కడా ఎక్కడం లేదు. వచ్చే పండగ నాటికి ఆ పేర్లు కూడా మీ రిజిస్టర్‌లో ఉండాలి. నేను కోరేది ఇదొక్కటే. మీ సంప్రదాయాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. పైగా మీ చరిత్ర చదివాకే ఇలా అడగవచ్చన్న ధైర్యం వచ్చింది.

ఆ చరిత్ర మీకు తెలిసిందే. మావాళ్ళ కోసం చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

జెనీవా సరస్సు ఒడ్డున లోజాన్ దాటగానే కొండవాలంతా మెట్లు మెట్లుగా రాతిగోడలు, ఒక్కో మెట్టు మీద ద్రాక్ష. దాన్ని లావో అంటారు. పదకొండో శతాబ్దం నుంచి క్రైస్తవ మఠాల సన్యాసులు ఆ వాలును సాగులోకి తెచ్చారు. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడివాళ్ళు తమ తోటలకి ముగ్గురు సూర్యులున్నారని చెప్పుకుంటారు. ఒకటి ఆకాశంలో, ఒకటి సరస్సు నీళ్ళ మీద మెరిసేది, ఇంకొకటి పగలంతా ఎండ తాగి రాత్రికి వేడి వదిలే రాతిగోడ. పండేది ఎక్కువగా షాస్లా అనే తెల్ల ద్రాక్ష. దాంతో చేసిన వైన్ దాదాపు అంతా స్విట్జర్లాండ్‌లోనే ఖర్చయిపోతుంది, బయటి దేశాలకు వెళ్ళేది చాలా తక్కువ.

ఆ తోటల కొసన ఉన్న ఊరు వెవే. చాక్లెట్లు, పాలపొడి గుర్తున్నవాళ్ళకి నెస్లే ప్రధాన కార్యాలయం ఉన్న ఊరంటే తెలుస్తుంది. చార్లీ చాప్లిన్ చివరి పాతికేళ్ళు ఆ ఊరి పక్కనే గడిపాడు. కాన్‌ఫ్రెరీ అన్నది ఆ ఊళ్ళో ద్రాక్షతోటల యజమానుల సంఘం. మిగిలిన పాత కాగితాల్లో ముందుది 1647 నాటిది. అప్పట్లో సెయింట్ అర్బన్ పేరు పెట్టుకున్నారు, ఆయన ద్రాక్షతోటలను కాచే సాధువు. 1536 నుంచి ఆ ప్రాంతాన్ని ఏలిన బెర్న్ ప్రభువులు ప్రొటెస్టెంట్లు, సాధువుల పూజలన్నీ రద్దు చేసినవాళ్ళు. అయినా ద్రాక్ష సాధువు పేరు మాత్రం నిలబడిపోయింది. రాజు మారినా మతం మారినా ఊళ్ళో పంటకి సంబంధించిన దేవుణ్ణి ఎవరూ కదపలేరు, మన పోచమ్మల సంగతి మనకి తెలీదా!

ఈ సంఘం అసలు పని ఊరేగింపు కాదు. యజమానులు పట్నంలో ఉంటారు, తోట కొండ మీద ఉంటుంది. దాన్ని గుత్తకు పట్టి ఏడాది పొడవునా చూసుకునేవాణ్ణి ఫ్రెంచిలో తాషెరాన్ అంటారు. వాడికి తోట విస్తీర్ణాన్ని బట్టి డబ్బు ముడుతుంది, ద్రాక్ష మాత్రం యజమానిది. మరి వాడు కొమ్మ సరిగ్గా కత్తిరించాడో లేదో, కలుపు తీశాడో లేదో, కూలిన గోడ నిలబెట్టాడో లేదో ఎవరు చూడాలి? అందుకు సంఘం తనిఖీదార్లను పెట్టింది. వాళ్ళు ఏడాదిలో కొన్నిసార్లు తోటల్లో తిరిగి నోట్ రాసుకుంటారు. బాగా చేసినవాడికి మెప్పు, చేయనివాడి సంగతి యజమాని చెవిలో. ఏడాదికోసారి సమావేశం, విందు, ఆ తర్వాత వీధుల్లో ఒక ఊరేగింపు. 1730లో అందులో వైన్ దేవుడు బాకస్ వేషం కట్టిన కుర్రవాడు చేరాడు. 1747లో పంటల దేవత సెరెస్ వచ్చింది. జనం ఎగబడ్డారు. చూస్తుండగానే వేషాలు పెరిగాయి.

ఇంత సూటిగా చెబుతున్నందుకు నొచ్చుకోకండి: మీ పండగ పుట్టింది పనివాణ్ణి కనిపెట్టుకుని ఉండాలన్న యజమాని అక్కరలోంచి. కానీ ఆ కనిపెట్టడంలోంచే అపురూపమైన సంగతి ఒకటి బయటికొచ్చింది. పనిని దగ్గరికెళ్ళి చూసినవాడికి పనితనం కనబడింది. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి కనబడ్డ పనితనాన్ని ఊరందరి ముందూ మెచ్చుకోవాలని మీ పెద్దలకి తోచింది. 1797లో వెవే సంతమైదానంలో రెండు వేలమంది కూర్చునేలా గ్యాలరీ కట్టించి, అందరి ఎదుటా పనివాడి నెత్తిన కిరీటం పెట్టారు. అది మొదటి ఫెత్. ఏడాది తిరక్కముందే, 1798 జనవరిలో, ఆ ప్రాంతం జనం బెర్న్ పాలనను దించేశారు. రెండింటికీ సంబంధం అంటగట్టను. కానీ ఆ కాలం గాలి ఎలా వీచిందో ఊహించుకోవచ్చు. భూమి ఉన్నవాళ్ళు భూమి లేనివాడికి తలపాగా చుట్టడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

అప్పటి నుంచి పన్నెండుసార్లు జరిగింది: 1797, 1819, 1833, 1851, 1865, 1889, 1905, 1927, 1955, 1977, 1999, 2019. శతాబ్దానికి ఐదుకి మించవు. రెండు పండగల మధ్య ఒకప్పుడు పద్నాలుగేళ్ళే, ఒకసారి ఇరవై ఎనిమిదేళ్ళు. తేదీ కేలండర్ చెప్పదు, సంఘం కూర్చుని తేలుస్తుంది. అందుకే అక్కడ ఎవరినైనా వయసు అడిగితే ఎన్ని ఫెత్‌లు చూశారో కూడా చెబుతారు. ప్రతిసారీ కొత్త కథ, కొత్త సంగీతం. 1905లో రెనె మొరాక్స్ రాస్తే గుస్తావ్ దొరే సంగీతం కట్టాడు. 1955లో సంగీతం కార్లో హెమెర్లింగ్, 1977లో జాన్ బలిసా. 1999లో ఫ్రాన్సువా రోషె దర్శకుడు, 2019లో డానియేలె ఫిన్‌జి పాస్కా. నటులు, గాయకులు, వాద్యకారుల్లో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, జీతం లేకుండా నెలల తరబడి రిహార్సల్స్ చేస్తారు. 2016లో యునెస్కో దీన్ని అమూర్త వారసత్వంగా గుర్తించింది. స్విట్జర్లాండ్‌కి ఆ జాబితాలో అదే మొదటి చోటు.

ఒక తమాషా ఏంటంటే, ద్రాక్ష పండగలో జనం కళ్ళు చెమర్చేది ద్రాక్ష పాటకి కాదు. రాన్స్ దె వాష్ అని, పక్కనున్న గ్రుయేర్ ప్రాంతపు కొండల్లో పశువుల్ని మేపేవాళ్ళు ఆవుల్ని పిలిచే పాట. 'లియోబా' అని తీగ సాగుతుంది. ఎవరో ఒక్కరు ఎత్తుకోగానే వేలమంది లేచి నిలబడతారు. దిగుమతి చేసుకున్న ఆవుల పాటను నెత్తిన పెట్టుకున్న మీరు, మీ తోటలోకి దిగుమతైన మనుషుల్ని మాత్రం ఎందుకో లెక్కలో వేసుకోలేదు. నా పేచీ అక్కడే.

ఎవరా మనుషులు? మే, జూన్ నెలల్లో ద్రాక్షకి అక్కర్లేని చిగుళ్ళు విపరీతంగా వస్తాయి. వాటిని గిల్లకపోతే తీగ బలమంతా ఆకులకే పోతుంది, గుత్తికి గాలి తగలదు, బూజు పట్టేస్తుంది. ఆ పని కొద్ది వారాల్లో అయిపోవాలి. తోట చూసే ఒక్క కుటుంబం వల్ల కాదు. అందుకని సరస్సు అవతలి ఒడ్డున ఉన్న సవోయ్ నుంచి, ఆ తర్వాత ఇటలీ కొండల నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చేవాళ్ళు. అదే చేత్తో అదనపు చిగురు గిల్లి, మిగిలినదాన్ని గడ్డిపరకతో కర్రకి కట్టి ముందుకు కదిలేవాళ్ళు. పని కాగానే కూలి డబ్బులు కొంగున కట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. మీ పండగ వేదిక మీద వాళ్ళ వేషం వేసుకున్న వెవే అమ్మాయిలు పాడారు, ఆడారు. పతకం మాత్రం ఏనాడూ ఆ అసలు మనిషి మెడకి రాలేదు.

మా అమ్మ పని అదే గనుక నాకు ఇది తెలుస్తోంది. మేడ్చల్ వైపు ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్షే. హైదరాబాద్‌లో పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ రకం, తర్వాత గింజల్లేని థాంసన్. మీ తీగలు పొట్టిగా ఉంటాయి, కాబట్టి మీవాళ్ళకి నడుం నొప్పి. మాది పందిరి సాగు. రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగలు లాగి, నెత్తి మీద ద్రాక్షని పాకిస్తారు. కాబట్టి మావాళ్ళకి మెడ నొప్పి. గుత్తిలో కాయలు పెసర గింజంత అయ్యేసరికి ఆడవాళ్ళు చిన్న కత్తెరలు పట్టుకుని పందిరి కిందికి దూరేవాళ్ళు. మెడ వెనక్కి వంచి, గుత్తిని ఎడమ చేత్తో తిప్పుతూ, లోపలివైపు కాయల్ని ఒక్కొక్కటీ తుంచేయాలి. ఎన్ని ఉంచాలో, ఎన్ని తీయాలో చేతికే తెలుస్తుంది. ఎక్కువ తీస్తే గుత్తి బోసిపోతుంది, తక్కువ తీస్తే కాయలు ఒకదాన్నొకటి నొక్కుకుని చిట్లుతాయి. తర్వాత మగ్గులో కాయ సైజు పెంచే జీఏ (జిబ్బరెల్లిక్ యాసిడ్) మందు కలిపి గుత్తి గుత్తినీ ముంచాలి. సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి మెడ కింద తలగడ లేకుండా నేలమీద పడుకునేది. ఆ తోట ద్రాక్షకి మార్కెట్లో మంచి పేరు. పేరు తోట ఆసామిదే. ఆయన చెడ్డవాడేం కాదు, పండక్కి చీర పెట్టేవాడు. కానీ గుత్తి అందం ఎవరి మెడ నొప్పిలోంచి వచ్చిందో ఏ రికార్డులోనూ లేదు.

ఇప్పుడు అమ్మ పనిచేసిన చోట తోట లేదు. వెంచర్లు వేశారు, ప్లాట్లు అమ్మారు. కడీలు పీకి కాంపౌండ్ గోడలకి వాడుకున్నారు. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో సీజన్‌లో పండ్లు అమ్ముతుంటే నగరవాసులు వెళ్ళి కొనుక్కుని, ఫొటోలు దిగి వస్తుంటారు. మాకు మిగిలిన ద్రాక్ష పండగ అదే.

మీ దగ్గర అలా జరక్కపోవడానికి కారణం 1977. ఆ ఏడాది వేసవిలో మీ ఫెత్ జరిగింది. సరిగ్గా దానికి ముందు, జూన్‌లో, ఫ్రాంజ్ వెబర్ అనే పర్యావరణవాది పట్టుబట్టి తెచ్చిన ప్రతిపాదన మీద లావో ఉన్న వో అనే రాష్ట్రం ఓటర్లు ఓటేశారు. లావోలో ఇష్టమొచ్చినట్టు ఇళ్ళు కట్టకూడదన్నది దాని సారాంశం. గెలిచింది. 2005లో మళ్ళీ ఓటు పెడితే మళ్ళీ గెలిచింది. 2014లో ఇంకా కఠినమైన ప్రతిపాదన తెస్తే దాన్ని తిప్పికొట్టి, ప్రభుత్వం పెట్టిన మధ్యేమార్గాన్ని ఒప్పుకున్నారు. తోటల వాళ్ళలో చాలామందికి ఆయనంటే ఒళ్ళుమంట ఉండేదని విన్నాను. మా భూమి మేం అమ్ముకుంటే నీకేం అన్న మాట మా దగ్గరా వినబడేదే. ఆయన 2019 ఏప్రిల్‌లో, మీ పన్నెండో పండగకి మూడు నెలల ముందు, కన్నుమూశాడు. నేల విషయంలో అంత పట్టుదల చూపించిన ప్రాంతం మీది. మనుషుల విషయంలో కూడా చూపించగలదని నా నమ్మకం.

2019 పండగని నేను చూశాను. సంతమైదానంలో ఇరవై వేలమంది పట్టే స్టేడియం, నేలంతా ఎల్‌ఈడీ తెర, ఐదు వేలకి పైగా కళాకారులు, జులై 18 నుంచి ఆగస్టు 11 దాకా ప్రదర్శనలు. తాత, మనవరాలు, ఋతువులు, చీమలు, పిట్టలు. అందంగా లేదంటే కళ్ళు పోతాయి. మొదటి రోజు కిరీటధారణ. నేను వెళ్ళింది మరో రోజు, పై వరసలో, చవక టికెట్ మీద. చవకంటే మీ దేశపు చవక. మంచి సీటు కావాలంటే వందల ఫ్రాంకులు పెట్టాలి. మొత్తం ఖర్చు పది కోట్ల ఫ్రాంకుల వరకూ వెళ్ళింది, చివరికి కోటికి పైగా నష్టం తేలింది. 1797లో రెండు వేల సీట్లు, 2019లో ఇరవై వేలు. వచ్చేసారి ఎన్ని? స్విట్జర్లాండ్‌లో వైన్ తాగేవాళ్ళు తగ్గుతున్నారు, షాస్లా అమ్ముడుపోవడం కష్టంగా ఉందని మీ రైతులే అంటున్నారు. ఇలాంటప్పుడు పండగ ఇంకా పెద్దది కావడం కన్నా, మొదట్లో దానికి ఉన్న కారణానికి దగ్గరగా రావడం మంచిదని నా అభిప్రాయం.

ఆ రోజు నా ముందు వరసలో పోర్చుగీసు మాట్లాడే కుటుంబం కూర్చుంది. మాటల్లో తెలిసింది, ఆయన లావోలో ద్రాక్ష కోతకి ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్నాడట. కొండవాలు మీద పంటిచక్రాల చిన్న బండి ఒంటి పట్టా మీద పెట్టెల్ని పైకి లాగుతుంది కదా, ఆ బండి దాకా పెట్టెలు చేర్చేది ఆయనే. వేదిక మీద కోత సన్నివేశం వచ్చినప్పుడు ఆయన పెద్దగా నవ్వాడు. 'ఇంత తేలిగ్గా మోస్తే రోజుకి రెండు కూలీలు చేసేవాణ్ణి' అన్నాడు. భార్య మోచేత్తో పొడిచింది.

మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలు ఊహించగలను. తనిఖీ జరిగేది సభ్యుల తోటల్లో, మార్కులు పడేది తోటకి. సీజన్ కూలీ ఒకే తోటలో ఉండడు, ఈ ఏడాది వచ్చినవాడు వచ్చే ఏడాది రాడు. వాడి పనిని వేరుచేసి ఎలా కొలవాలి? నిజమే, కష్టమే. కానీ తోట చూసేవాడికి తెలుసు, ఎవరి వరస మళ్ళీ చూడాల్సిన అవసరం ఉండదో. మా దగ్గర మేస్త్రీకి కూడా తెలిసేది. మా అమ్మ పందిరి కింద కాయ తుంచి వెళ్ళిన వరసలోకి ఆయన తొంగి కూడా చూసేవాడు కాదు. పతకానికి ఎంపికైన ప్రతి తోటలోనూ ఆ తాషెరాన్‌నే అడగండి, ఈ మూడేళ్ళలో ఎవరి చేతులు లేకపోతే నీకీ మార్కులు వచ్చేవి కావు అని. రెండు పేర్లో మూడు పేర్లో చెబుతాడు. ఆ పేర్లు అతని పేరు పక్కనే చదవండి. దీనికి కొత్త తనిఖీదార్లు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

ఇంకొకరు అనొచ్చు, కూలి ఇస్తున్నాం కదా, చట్టప్రకారమే ఇస్తున్నాం కదా అని. తాషెరాన్‌కీ డబ్బు ఇస్తూనే ఉన్నారుగా, అయినా 1797లో కిరీటం ఎందుకు పెట్టారు? డబ్బుతో తీరని బాకీ కొంత ఉందని మీ పూర్వీకులకి తెలుసు గనుక.

దాంతోపాటు చిన్న కోరిక. కిరీటధారణ రోజున గెలిచినవాళ్ళు ఎందుకు గెలిచారో ప్రేక్షకులకి చెప్పండి. నిపుణులు నోట్ పుస్తకంలో ఏం రాశారు, కత్తిరింపులో ఏం చూశారు, గోడలో ఏ రాయికి వంక పెట్టారు, అవన్నీ. కొత్త కథ, కొత్త పాటలు కావాల్సిందే. కానీ ఇరవై వేలమందిలో ఎంతమందికి మంచి కత్తిరింపుకీ చెడ్డ కత్తిరింపుకీ తేడా తెలుసు? నేల మీద అంత పెద్ద తెర ఉన్నప్పుడు ఒక్క తీగను చూపించి, ఇదిగో ఈ కన్ను దగ్గర ఆపాడు, అందుకే వచ్చే ఏడు ఈ కొమ్మ బతుకుతుంది అని చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకి నేను పూర్తి టికెట్ డబ్బు ఇస్తాను.

మీ తర్వాతి త్రైవార్షిక సభకి ముందు కమిటీ సమావేశమవుతుంది కదా, అప్పుడు దీన్ని ఒక అంశంగా చర్చకి పెట్టండి. నేను సభ్యురాలిని కాను, నాకు లావోలో అరసెంటు నేల కూడా లేదు, కాబట్టి ఓటు అడగడం లేదు. మాట్లాడటానికి పిలిస్తే సెలవు పెట్టి వస్తాను. పిలవకపోయినా ఒప్పుకున్నారో లేదో రెండు ముక్కల్లో జవాబు రాయండి. ఫ్రెంచిలో రాస్తే చాలు, తెలుగులోకి నేనే మార్చుకుని ఇక్కడ అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
లోజాన్ పక్కన రెనాన్‌లో ఉంటున్న ఒక మేడ్చల్ ఆడబిడ్డ